అన్నదాత సుఖీభవ, రైతు భరోసా: డబ్బు పట్టాదారుకా, పొలం చేసేవాడికా?

సార్వా దాళ్వా | 2025 నవంబర్ 20, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు. నిన్న ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ (రైతుకి పెట్టుబడి సాయం) రెండో విడత వేశారు కదా, రాష్ట్రం 5 వేలు, కేంద్రం పీఎం కిసాన్ కింద 2 వేలు. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర అందరూ ఫోన్లు తీసి ఒకరికొకరు మెసేజ్ చూపించుకుంటుంటే నాన్న టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చేశారని అమ్మ చెప్పింది. ఆగస్టు 2న మొదటి విడతకీ ఇదే తంతు.

మాది భీమవరం వైపు. సెంటు భూమి లేదు. 19 ఏళ్ళుగా నాన్న ఒకే ఆసామి పొలం, 5 ఎకరాలు, కౌలుకి చేస్తున్నారు. కౌలు సార్వాకి (వానాకాలం పంట) ఎకరాకి 14 బస్తాలు, దాళ్వాకి (రెండో పంట) 18. ఆసామి గారు విజయవాడలో ఉంటారు, ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌గా రిటైరయ్యారు. మనిషి మంచివారే. నాన్నకి ఆపరేషన్ అయిన ఏడు కౌలు రెండు దఫాలుగా తీసుకున్నారు, వడ్డీ మాటెత్తలేదు. కానీ కౌలు కార్డు కాగితం మీద సంతకం అనేసరికి "చూద్దాంలే" అంటారు. ఆరేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నారు.

ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదు) కూడా ఆయన పేరే ఉంది. ధాన్యం డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, కౌలు పట్టుకుని మిగతాది నాన్నకి పంపిస్తారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఎల్లుండి ఊరెళ్తున్నాను. సంతకం లేకుండా ఏదైనా దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పొలం గట్టు | నవంబర్ 20, రాత్రి 9:40

నేను కొన్నేళ్ళు గ్రామంలో వ్యవసాయ సహాయకుడిగా చేశాను, ఇప్పుడు వేరే శాఖ. కాబట్టి తెలిసినంత చెప్తాను.

సూటిగా జవాబు: లేదు. 2011లో కిరణ్ కుమార్ రెడ్డి గారి హయాంలో వచ్చిన చట్టం ప్రకారం ఎల్ఈసీ కార్డు (కౌలుదారుకి రుణ అర్హత కార్డు) ఇచ్చేవాళ్ళు, దానికి యజమాని సంతకం అక్కర్లేదు. గ్రామంలో విచారించి ఇచ్చేసేవాళ్ళు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక పాత చట్టం పోయింది. ఇప్పుడు సీసీఆర్‌సీ (ఇప్పటి కౌలు కార్డు) కావాలంటే యజమానీ కౌలుదారూ ఇద్దరూ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. 11 నెలలు చెల్లుతుంది. ఏటా మళ్ళీ పెట్టించుకోవాలి.

ఆ కార్డు ఉండి, ఈ-పంటలో సాగుదారుగా మీ నాన్నగారి పేరు ఎక్కితే అప్పుడు అర్హత సంగతి. భూమిలేని కౌలుదారుకి పీఎం కిసాన్ రాదు కాబట్టి 20 వేలూ రాష్ట్రమే ఇస్తుందన్నది పథకం మాట. కార్డు లేకపోతే ఆ జాబితాలో ఆయన లేనట్టే.

సార్వా దాళ్వా | నవంబర్ 20, రాత్రి 9:52

అంటే ఆయన దయ మీదే ఉందన్నమాట. థాంక్స్ అండి, కనీసం స్పష్టంగా చెప్పారు.

ఓరుగల్లు పత్తి | నవంబర్ 20, రాత్రి 10:15

తమ్ముడూ, మీకు ఆ సంతకం గురించి కొట్లాడే అవకాశమైనా ఉంది. మా తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలుపెట్టిన రోజు నుంచీ కౌలు రైతు లెక్కలో లేడు. పట్టాదార్ పాసు పుస్తకం ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే పైసలు. ఎకరానికి సీజన్‌కు 4 వేలు, తర్వాత 5 వేలు, ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6 వేలు. నేను 3 ఎకరాలు సొంతం, 7 ఎకరాలు కౌలు చేస్తున్న. సొంత మూడెకరాలకు 18 వేలు పడ్డయి. కౌలు ఏడెకరాలకు 42 వేలు పట్టాదారుకు పడ్డయి, ఆయన హన్మకొండలో హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటున్నడు.

ఇంకోటి. రైతుబీమా, 5 లక్షలది, అది కూడా పాసు పుస్తకం ఉన్నోళ్ళకే. గుంట (ఎకరంల నలభయ్యో వంతు) భూమి ఉన్నా వస్తది. పాతికేళ్ళు కౌలు చేసినోడికి గుంట కూడా లేకపోతే రాదు. మా వాడకట్టులో ఒకాయన నిరుడు పత్తి చేన్ల పాము కరిచి చనిపోయిండు. నాలుగెకరాల కౌలు. ఆయన భార్యకు వచ్చింది ఏం లేదు. పత్తి అమ్మిన పైసలు కూడా కౌలుకే పోయినయి.

లెక్కల పంతులు | నవంబర్ 20, రాత్రి 10:31

వరంగల్ అన్న చెప్పినదాని మీద చిన్న లెక్క. ఆంధ్రాలో సాయం కుటుంబానికి, ఎంత భూమి ఉన్నా ఏడాదికి 20 వేలే. తెలంగాణలో ఎకరానికి, ఏడాదికి 12 వేలు. కాబట్టి అరెకరం రైతు ఆంధ్రాలో పుట్టాలి, పదెకరాల రైతు తెలంగాణలో పుట్టాలి. రెండూ సమానమయ్యే చోటు 1 ఎకరం 27 గుంటలు.

పాలమూరు జొన్న | నవంబర్ 20, రాత్రి 10:38

పంతులుగారూ, ఆంధ్రా 20 వేలల్లో పీఎం కిసాన్ 6 వేలు కలిసి ఉంది. మాకు ఆ 6 వేలు వేరుగా వస్తాయి. మళ్ళీ వేసుకోండి.

లెక్కల పంతులు | నవంబర్ 20, రాత్రి 10:44

ఒప్పుకున్నాను, తప్పు నాదే. అయితే 14 వేలకి 12 వేలు పెట్టి చూడాలి. 1 ఎకరం 7 గుంటలు. అంతకు తక్కువున్న చిన్న రైతుకి ఆంధ్రా పద్ధతి లాభం, పైనున్నవాళ్ళకి తెలంగాణ పద్ధతి.

ఓరుగల్లు పత్తి | నవంబర్ 20, రాత్రి 10:47

కౌలు రైతుకు ఎక్కడ పుడితే లాభమో కూడా లెక్క తీయండి సార్ 😀

డాలస్ నుంచి | నవంబర్ 20, రాత్రి 11:55

తిడతారని తెలిసే రాస్తున్నాను. నేను ఆ రెండో వైపు మనిషిని. నల్గొండ జిల్లాలో నా పేరు మీద 6 ఎకరాలు ఉంది, నాన్న పోయాక నాకొచ్చింది. రైతుబంధు ఉన్నన్నాళ్ళూ సీజన్‌కి 30 వేలు పడేది. నేను అడగలేదు, దరఖాస్తు పెట్టలేదు, రికార్డులో పేరు ఉంది కాబట్టి పడింది. మొదటి రెండేళ్ళు నా ఖాతాలోనే ఉంచేసుకున్నాను. తర్వాత సిగ్గేసి పొలం చేసే మామకి (వరసకి మామ, చుట్టం కాదు) పంపడం మొదలుపెట్టాను.

కానీ సంతకం విషయంలో ఆ లెక్చరర్ గారి భయం నాకు అర్థమవుతుంది. మా తాతకి 10 ఎకరాలు ఉండేది. అందులో 4 ఎకరాలు రక్షిత కౌలుదారు కింద 38-ఈ సర్టిఫికెట్‌తో కౌలుదారు పేరు మీదకి పోయింది. 1950 నాటి తెలంగాణ కౌలు చట్టం అది. న్యాయంగా చూస్తే ఆ కౌలుదారే తరతరాలుగా దున్నాడు, పోవడమే సబబేమో. కానీ మా ఇంట్లో ఇప్పటికీ నానమ్మ నోట "కౌలుకిస్తే కాగితం మీద రాయకు" అన్నమాట వినపడుతూనే ఉంటుంది. ఈ భయం 12 వేల గురించి కాదు.

మిర్చి ఘాటు | నవంబర్ 21, ఉదయం 6:20

డాలస్ గారూ, మామకి పంపుతున్నాను అన్నారు, మంచిదే. మరి ఆ తర్వాత కౌలు పెంచారా లేదా?

డాలస్ నుంచి | నవంబర్ 21, ఉదయం 7:02

పెంచాను. ఎకరానికి 3 వేలు. చుట్టుపక్కల అందరూ పెంచారు. ... సరే, అర్థమైంది.

మిర్చి ఘాటు | నవంబర్ 21, ఉదయం 7:10

తిట్టడానికి అడగలేదండి. మా గుంటూరు వైపు మిర్చి భూములకి ఇదే జరిగింది. సర్కారు డబ్బు చేనుకి వస్తుందని తెలియగానే ఆ చేను ఖరీదు, కౌలు రెండూ కొంచెం పైకి జరుగుతాయి. కౌలుదారు చేతిలో పెట్టినా మళ్ళీ కౌలు రూపంలో గట్టు దాటి వెళ్ళిపోతుంది.

పాత క్యాషియర్ | నవంబర్ 21, ఉదయం 8:45

34 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అందులో సగం పల్లెటూరి బ్రాంచీల్లో. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉంటే చదవండి.

రైతుకి ప్రభుత్వం ఇచ్చేది రెండు రకాలు. ఒకటి వస్తువు మీద, రెండోది ఖాతాలోకి. యూరియా తీసుకోండి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, తేడా కేంద్రం కంపెనీకి కడుతుంది. దుకాణంలో ఆధార్, వేలిముద్ర పెడితే బస్తా ఇస్తారు. నువ్వు పట్టాదారువా కౌలుదారువా అని ఆ మిషన్ అడగదు. ఉచిత కరెంటు కూడా అంతే, 2004లో రాజశేఖర రెడ్డి గారు సంతకం పెట్టిన రోజు నుంచి మోటారు ఎవరు ఆన్ చేస్తే వాళ్ళకే నీళ్ళు. ఈ రకం సబ్సిడీల్లో దొంగతనం ఉంది, వృథా ఉంది, కాదనను. కానీ చేలో దిగినవాడికి ఎంతో కొంత చేరేది.

2018, 19 నుంచి గాలి నగదు వైపు తిరిగింది. తెలంగాణ రైతుబంధు, ఒడిశా కాలియా, 2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్, అక్టోబర్‌లో ఆంధ్రా రైతు భరోసా 13,500. నగదు ఖాతాలోకి వెయ్యాలంటే జాబితా కావాలి. జాబితా ఎక్కడుంది? రెవెన్యూ రికార్డులో. అందులో ఎవరి పేరుంది? పట్టాదారుది. అంతే, కుట్ర ఏమీ లేదు. కంప్యూటర్లో చేతికందిన జాబితా అది, దానికే డబ్బు వేశారు. దున్నేవాడి జాబితా తయారుచేయాలంటే ప్రతి సీజన్‌కీ ఊరూరా తిరగాలి, ఆ పని కష్టం, పైగా యజమానులకి కోపం.

పంట రుణం సంగతీ చెప్తాను. కార్డు పట్టుకుని కౌలు రైతు బ్యాంకుకి వస్తాడు. సర్వే నంబర్ కొడితే అప్పటికే యజమాని దాని మీద లోన్ తీసుకుని ఉంటాడు. 7 శాతం వడ్డీ, టైముకి కడితే 3 శాతం వెనక్కి, అంటే 4 శాతానికి. ఒకే సర్వే నంబర్ మీద రెండు పంట రుణాలు ఇవ్వకూడదు. కౌలు రైతుని వెనక్కి పంపేది నేనే. ఆ మనిషి బయటికెళ్ళి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాడు. ఒక్కోసారి ఆ వడ్డీకి ఇచ్చే ఆసామీ, మా దగ్గర 4 శాతానికి తీసుకున్న ఆసామీ ఒకరే. ఈ మాట 34 ఏళ్ళలో మా మేనేజర్లకి ఎన్నిసార్లు చెప్పానో. నవ్వేవారు.

అనంత వేరుశనగ | నవంబర్ 21, ఉదయం 9:30

క్యాషియర్ సార్ పోస్టు బాగుంది గానీ వస్తువు మీద ఇస్తే కౌలుదారుకి చేరుతుందనేది మా దగ్గర నిజం కాదు. డ్రిప్ సబ్సిడీ చూడండి. సన్నకారు రైతుకి 90 శాతం దాకా ఉంది. పట్టా కావాలి, బోరు కావాలి. ఏడాది గుత్తకి చేసేవాడు పైపులు ఎట్లా వేయించుకుంటాడు? వేసినా రేపు గుత్త మారితే పైపులు చుట్టుకుని పోతాడా? విత్తన కాయలు సబ్సిడీకి తెచ్చుకోవాలన్నా పాసు పుస్తకం జిరాక్స్ అడుగుతారు. మా ఊళ్ళో ఆ జిరాక్స్‌కి కూడా రేటుంది, "నా పుస్తకం మీద మూటలు తెచ్చుకో, ఒక మూట నాకు" అని.

పాత క్యాషియర్ | నవంబర్ 21, ఉదయం 9:41

నిజమే, గోదావరి జిల్లాలు, తెలంగాణ చూసి రాశాను. రాయలసీమలో పనిచేయలేదు. జిరాక్స్ రేటు సంగతి కొత్తగా వింటున్నాను!

తోతాపురి | నవంబర్ 21, ఉదయం 10:05

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. చిత్తూరు జిల్లా. మా అమ్మకి నిన్న స్టేటస్‌లో "చెల్లింపు విజయవంతం" అని చూపిస్తోంది, బ్యాంకు పాసు పుస్తకం ఎంట్రీ వేయిస్తే రూపాయి లేదు. మామిడికి కిలోకి 4 రూపాయలు ప్రభుత్వం వేసినప్పుడు కూడా ఇదే గోల పడ్డాం. ఎవరి ఖాతాకి పోయిందో తెలుసుకోవడం ఎట్లా?

పొలం గట్టు | నవంబర్ 21, ఉదయం 10:20

చాలామంది పడే చోటే మీరూ పడ్డారు. బ్యాంకుకి ఆధార్ లింక్ అవ్వడం వేరు, ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ అవ్వడం వేరు. ఆధార్ మీద వేసే డబ్బు చివరిగా ఏ బ్యాంకు మ్యాప్ అయితే అక్కడికే పోతుంది. అమ్మగారు ఈమధ్య డ్వాక్రాకో, గ్యాస్‌కో, సిమ్ కొన్నప్పుడో కొత్త ఖాతా ఏదైనా తెరిచారా? బ్యాంకులో "ఎన్‌పీసీఐ ఎక్కడుంది" అని ఆ మాటే అడగండి, చెప్తారు.

తోతాపురి | నవంబర్ 21, మధ్యాహ్నం 1:15

దొరికింది!! నాలుగేళ్ళ క్రితం పోస్టాఫీసులో తెరిచిన ఖాతా. అమ్మ దాన్ని మర్చిపోయింది. అందులో ఆగస్టు 7 వేలు, మొన్నటి 7 వేలు, మామిడి డబ్బు అంతా ఉంది. అమ్మ పోస్టాఫీసులోనే ఏడ్చేసింది, నవ్వు కూడా వచ్చింది. మీకు రుణపడి ఉంటాను.

ఇంకో మాట, కౌలు గురించే. మా దగ్గర తోటలు గుత్తకి ఇస్తారు. పూత మీదే వ్యాపారి కొనేస్తాడు, మందులు కొట్టేది, కాపలా పెట్టేది, కోసేది అతనే. రేటు పడిపోతే నష్టపోయేదీ అతనే.

ఖరగ్‌పూర్ తెలుగోడు | నవంబర్ 21, మధ్యాహ్నం 2:40

ఇక్కడ మేము మూడు తరాలుగా రైల్వే తెలుగువాళ్ళం, పొలాలు లేవు. కానీ పక్క ఊళ్ళ రైతులు తెలుసు కాబట్టి చెప్తున్నా. బెంగాల్లో కృషక్ బంధు ఉంది. ఎకరం, ఆపైన ఉంటే ఏడాదికి 10 వేలు, తక్కువుంటే దామాషాగా, 4 వేలకి తగ్గకుండా. 18 నుంచి 60 ఏళ్ళ లోపు రైతు చనిపోతే 2 లక్షలు. అసలు విషయం ఏంటంటే రికార్డులో ఉన్న బర్గాదార్లకి, అంటే పాలుకి చేసేవాళ్ళకి, అది వస్తుంది.

ఎందుకు వీలయ్యిందంటే 1978లో ఆపరేషన్ బర్గా అని పెట్టి ఊరూరా శిబిరాలు వేసి దాదాపు 14 లక్షల మంది పాలుదార్ల పేర్లు రికార్డులో రాసేశారు. భూస్వామి సంతకం కోసం ఆగలేదు, సాయంత్రం పూట ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టి ఎవరు దున్నుతున్నారో వాళ్ళ చేతే చెప్పించారు. క్యాషియర్ గారు అన్నారే, చేతికందిన జాబితా అని. వీళ్ళకి ఆ జాబితా 40 ఏళ్ళ ముందే రాసిపెట్టి ఉంది. ఆ తర్వాత నోటిమాట మీద కౌలుకి చేస్తున్నవాళ్ళ కథ మాత్రం ఇక్కడా మీలాంటిదే.

గోడ మీద పిల్లి | నవంబర్ 21, మధ్యాహ్నం 3:05

ఇవన్నీ ఓట్ల కోసం పంచే డబ్బులు. టాక్స్ కట్టేది మేము, పంచుకునేది మీరు. మీ పార్టీ

[నియమాల ప్రకారం మిగతాది తొలగించాం. పార్టీల పేర్లతో తిట్టుకోవడానికి వేరే విభాగం ఉంది. - నిర్వాహకులు]

పాలమూరు జొన్న | నవంబర్ 21, మధ్యాహ్నం 3:30

టాక్స్ అన్నగారికి ఒక సమాచారం. పీఎం కిసాన్ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకి రాదు, ప్రభుత్వ ఉద్యోగులకి, 10 వేలు దాటిన పెన్షన్ ఉన్నవాళ్ళకి, డాక్టర్లకి, లాయర్లకి రాదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొనుక్కున్న భూమికీ రాదు, వారసత్వంగా వస్తే తప్ప. తీసుకున్న అనర్హుల దగ్గర తిరిగి వసూలు కూడా చేశారు. తెలంగాణ రైతుబంధుకి మాత్రం ఈ వడపోతలేవీ లేకుండె. 50 ఎకరాల ఆసామికీ పడింది, ప్లాట్లు వేసి అమ్మిన భూమికీ పడింది. 2025 జనవరిలో రైతు భరోసా అన్నప్పుడు గుట్టలు, రోడ్లు, రియల్ ఎస్టేట్, గనుల భూములు తీసేస్తామన్నారు. ఎకరాల పరిమితి మాత్రం పెట్టలేదు.

ఓరుగల్లు పత్తి | నవంబర్ 21, సాయంత్రం 6:10

భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12 వేలు పెట్టిన్రు కదా. దానికి ఉపాధి హామీలో 20 రోజులు పని చేసి ఉండాలె. మా కౌలు రైతులు కొందరు అట్ల అర్హులైన్రు. ఏడెకరాలు పండించేటాయన రైతుగా పనికిరాడు, తట్ట మోస్తే కూలీగా పనికొస్తడు. ఇది చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు.

మిర్చి ఘాటు | నవంబర్ 21, సాయంత్రం 6:45

ఒక్క పెట్టుబడి సాయం గురించే మాట్లాడుతున్నాం. తుపాను నష్టం అంతకంటే పెద్దది కదా. మొన్న అక్టోబర్ 28న మొంథా దాటినప్పుడు ఈ-పంటలో ఎవరి పేరుంటే వాళ్ళ పేరే నష్టం జాబితాలోకి వెళ్ళింది. మా పక్క చేను కౌలుదారు ఎకరాకి 40 వేలు పెట్టాడు, జాబితాలో యజమాని పేరు. కనీసం ఈ-పంటలోనైనా పేరు మార్పించుకోండి, సార్వా దాళ్వా గారూ. అదొక్కటి జరిగితే ధాన్యం డబ్బు, నష్టపరిహారం రెండూ మీ నాన్నగారి వైపు తిరుగుతాయి.

సార్వా దాళ్వా | నవంబర్ 21, రాత్రి 8:20

మా చేను కూడా మొంథాకి ఒరిగిపోయిందండి. గింజ పాలు పోసుకునే టైము. కోత మిషన్ దిగడానికి లేక మనుషుల్ని పెట్టి కోయిస్తున్నారు.

మామూలు ఏడాది లెక్క ఒకసారి నాన్నని అడిగి రాసుకున్నా, ఇక్కడ పెడుతున్నా. సార్వాలో ఎకరాకి 30 బస్తాలు, 75 కిలోల బస్తా. అంటే 22 క్వింటాళ్ళ 50 కిలోలు. ఈ ఏడాది మద్దతు ధర 2,369 వేసుకుంటే 53,300. అందులో కౌలు 14 బస్తాలు, అంటే సుమారు 24,900. మిగిలింది 28,400. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత, తోలకం కలిపి ఖర్చు 27 వేలు. చేతిలో 1,400. దానికి అప్పు మీద వడ్డీ నేను వెయ్యలేదు. సార్వా ఆసామిది, దాళ్వా మనది అని మా వైపు సామెతలా అంటారు. అది సామెత కాదు, లెక్కే.

ఈసారి బస్తాలు 20 దాటవంటున్నారు. కౌలు 14 మాత్రం 14.

పొలం గట్టు | నవంబర్ 21, రాత్రి 8:50

ఇందాకటి నుంచీ ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. మీ ఆసామి రిటైర్డ్ లెక్చరర్ అన్నారు. పెన్షన్ 10 వేలు దాటే ఉంటుంది కదా. అయితే ఆయనకీ అన్నదాత సుఖీభవ రాదు, పీఎం కిసాన్ రాదు. మీకు కార్డు లేదు కాబట్టి మీకూ రాదు. ఆ 5 ఎకరాల మీద ప్రభుత్వం ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు. సంతకం పెడితే ఆయన జేబులోంచి పోయేది ఒక్క రూపాయి కూడా లేదు.

డాలస్ నుంచి | నవంబర్ 21, రాత్రి 9:15

నేను ముందు నుంచీ చెప్తున్నదీ అదే. ఆయన లెక్క డబ్బు కాదు. 11 నెలల కాగితం, దాని మీద భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది, ఒప్పందంలో కూడా రాసి ఉంటుంది. అది ఆయనకి చదివి వినిపించండి. మీ నాన్నగారు కాదు, మీరు. కౌలుదారు అడిగితే ఒకలా వినపడుతుంది, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి అడిగితే ఇంకోలా వినపడుతుంది. బాగోలేదు గానీ నిజం.

పాత క్యాషియర్ | నవంబర్ 21, రాత్రి 9:40

ఆయన ఆ భూమి మీద పంట రుణం తీసుకున్నారేమో ముందు కనుక్కో బాబూ. తీసుకుని ఉంటే కార్డు ఇస్తే తన లోన్ రెన్యువల్ ఆగిపోతుందని భయపడుతుండొచ్చు. "నేను లోన్ అడగను, సాయానికీ, ఈ-పంటకీ మాత్రమే" అని చెప్పు. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

సార్వా దాళ్వా | నవంబర్ 24, ఉదయం 7:30

ఆలస్యమైంది, క్షమించండి. శనివారం ఊళ్ళో దిగి, అక్కడి నుంచి విజయవాడ ఆసామి గారింటికి వెళ్ళాను. నాన్న రానన్నారు. "19 ఏళ్ళు లేని కాగితం ఇప్పుడు అడిగితే నమ్మకం లేదనుకుంటారు" అన్నారు. అమ్మ ఒక సంచిలో కొత్త బియ్యం కట్టి ఇచ్చింది.

క్యాషియర్ గారు చెప్పినట్టే అయింది. లోన్ ఉంది. 5 ఎకరాల మీదా కాదు, 2 ఎకరాల మీద, వాళ్ళ అమ్మాయి పెళ్ళికి తీసుకుని అప్పటి నుంచి ఏటా తిరగరాస్తున్నారట. ఆ మాట చెప్పడానికి ఆయన చాలా ఇబ్బంది పడ్డారు. నాకే "పర్లేదు సార్" అనాలనిపించింది. 11 నెలల సంగతి, హక్కు రాదన్న సంగతి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ తనే చదువుకున్నారు, రెండుసార్లు. తర్వాత "మీ నాన్నని నేను ఎప్పుడైనా అనుమానించానా?" అన్నారు. లేదండి అన్నాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

చివరికి లోన్ లేని 3 ఎకరాలకి సంతకం పెడతానన్నారు, ఈ దాళ్వా నుంచే. మిగతా 2 ఎకరాలు ఆయన పేరు మీదే. ఈ సార్వా కౌలులో ఎకరాకి 2 బస్తాలు తగ్గించుకుంటానన్నారు, అది నేను అడగలేదు. నాన్నకి ఫోన్లో చెప్తే కార్డు గురించి ఏమీ అనలేదు. "రెండు బస్తాలా, మూడా?" అని రెండుసార్లు అడిగారు.

మిర్చి ఘాటు | నవంబర్ 24, ఉదయం 8:05

మూడెకరాలకైనా పేరు ఎక్కితే చాలు. ఎక్కే దాకా వదలకండి. ఆయన మనసు మారేలోపు పని కానివ్వండి, విజయవాడ నుంచి రప్పించడమే కష్టం.

పొలం గట్టు | నవంబర్ 24, ఉదయం 8:25

ఇప్పుడు కొత్త కార్డు రాస్తారో లేదో ముందు రైతు సేవా కేంద్రంలో అడిగి, అప్పుడు ఆయన్ని పిలవండి. ఊరికే రెండుసార్లు తిప్పితే మూడోసారి రారు. ఆ 3 ఎకరాల సర్వే నంబర్లు, సబ్ డివిజన్‌తో సహా కాగితం మీద రాసుకెళ్ళండి. లోన్ ఉన్న నంబర్ పొరపాటున ఒప్పందంలో పడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఈ-పంట దాళ్వా నమోదు మొదలవగానే నాన్నగారి వేలిముద్ర వేయించడం మర్చిపోవద్దు.

సార్వా దాళ్వా | నవంబర్ 24, ఉదయం 8:40

నాన్న వేళ్ళు ఆ మిషన్‌కి పడవండి. రేషన్ దగ్గర కూడా కంటితోనే తీస్తారు. ఇక్కడ కంటి మిషన్ ఉంటుందా?

పొలం గట్టు | నవంబర్ 24, ఉదయం 8:52

ఫోన్‌కి ఓటీపీ పెట్టి కూడా చేస్తారు. ఆధార్‌కి ఏ నంబర్ ఉందో చూడండి, పాత సిమ్ అయితే అది ముందు మార్పించండి.

సార్వా దాళ్వా | నవంబర్ 24, ఉదయం 8:55

పాత సిమ్మే. ఇవాళ ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తున్నా.